రాళ్ల మైక్రోస్కోపుతో అయస్కాంత పొరలు: ఆరేళ్ల వాడకం

హనుమకొండలో నేను పాఠాలు చెప్పే కళాశాలలో ఈ పోలరైజింగ్ మైక్రోస్కోపు భూగర్భశాస్త్ర విభాగానిది. కరీంనగర్ గ్రానైటును పలుచగా అరగదీసి చూడడానికి కొన్నారు. ఆరేళ్లుగా సాయంత్రాలు అడిగి తీసుకుని దానితో అయస్కాంత పొరలు చూస్తున్నాను.

బిస్మత్ కలిపిన ఇనుప గార్నెట్ (వెలుగును పోనిచ్చే ఒక అయస్కాంత స్ఫటికం) పొరలకు ఇది చక్కగా సరిపోతుంది. ఆ పొర గుండా వెళ్లే వెలుగు ధ్రువణ తలం, అంటే వెలుగు తరంగం ఊగే తలం, తిరుగుతుంది. 1845లో ఫారడే గాజులో గమనించింది ఇదే. పోలరైజరు, అనలైజరు ఒకే తలంలో ఊగే వెలుగును మాత్రమే పంపే ఫిల్టర్లు; ఒకటి పొరకు ముందు, ఒకటి తర్వాత ఉంటాయి. పోలరైజరుకు అనలైజరును సరిగ్గా అడ్డంగా పెడితే డొమైన్లన్నీ (అయస్కాంతత్వం ఒకే దిశలో ఉండే చిన్న ప్రాంతాలు) ఒకే వెలుగులో ఉంటాయి, వాటి నడుమ సన్నని నల్లగీతలే కనిపిస్తాయి. అనలైజరును రెండు మూడు డిగ్రీలు తిప్పగానే సగం మెలికలు వెలిగి, సగం చీకటవుతాయి. అచ్చం మెలికల ముగ్గు! పాత స్పీకరు అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే ఒక రంగు చారలు లావెక్కుతాయి, రెండోవి చిక్కి చుక్కలై మాయమవుతాయి. తీసేస్తే ముగ్గు తిరిగి వస్తుంది, కానీ పాత ముగ్గు కాదు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

లోహపు పొరల దగ్గరే అసలు పరీక్ష. పర్మలాయ్ (నికెల్, ఇనుముల మిశ్రమం) పొర అద్దంలాంటిది కాబట్టి ప్రతిఫలించిన వెలుగునే చూడాలి. జాన్ కెర్ 1877లో ప్రకటించిన ఈ ప్రభావంలో తలం తిరిగేది డిగ్రీలో చిన్న భాగమే. ఏడాదిపాటు నాకు బూడిదరంగు తప్ప ఏమీ కనిపించలేదు. పొరే బాగాలేదనుకున్నాను. తప్పు ఆబ్జెక్టివ్‌లో, అంటే నమూనా వైపున్న కటకంలో ఉంది: కటకంలోని ఒత్తిడి వల్ల పూర్తి చీకటి రావడం లేదు. ఒత్తిడి లేని ఆబ్జెక్టివ్ వేశాక, వెలుగు వచ్చే రంధ్రాన్ని ఒక పక్కకు జరిపి వెలుగును ఏటవాలుగా పంపాక, డొమైన్ల జాడ తెలిసింది. పొరను ఒకే దిశలో పూర్తిగా అయస్కాంతీకరించి తీసిన చిత్రాన్ని తర్వాతి చిత్రాల నుంచి కంప్యూటర్‌లో తీసివేస్తేనే అవి స్పష్టంగా నిలిచాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. పొరను అయస్కాంతీకరించే తీగచుట్ట వేడెక్కితే ఫోకస్ జారిపోతుంది, తీసివేత పనికిరాదు. మేలో పగలు నేను ఈ పని పెట్టుకోను. లారీ వెళ్తే బల్ల అదురుతుంది. కింద రబ్బరు పలక, దాని మీద గ్రానైటు దిమ్మ వేశాక తగ్గింది. అర మైక్రాన్ కంటే చిన్న డొమైన్ల కోసం దీన్ని నమ్ముకోవద్దు.

ఇలాంటిది కొనేవారు డబ్బును ముందు ఆబ్జెక్టివ్ మీద పెట్టండి, కెమెరా తర్వాత చూసుకోవచ్చు.