వశిష్ఠ దాటించే పంటు: ఏళ్ల తరబడి ఎక్కాక

ఇల్లు గోదారి పాయ వశిష్ఠకు ఇవతల, ఉద్యోగం అవతల. చించినాడ వంతెన మీదుగా పోతే బోలెడు చుట్టు తిరుగుడు. అందుకే జనాన్నీ బళ్లనూ దాటించే పెద్ద పడవ, అదే పంటే దిక్కు. కొన్నేళ్ల కిందట మా రేవు వేలంలో కొత్త పాటదారు చేతికొచ్చింది. రాగానే టికెట్ గది మీద గోదారిని కాపాడుకుందాం అని బోర్డు పెట్టించారు. ఇలాంటి బోర్డులు చాలానే చూశాం కదా, నేనైతే పట్టించుకోలేదు.

తేడా ర్యాంపు దగ్గర తెలిసింది. ఇదివరకు బళ్లు ఎక్కేదాకా ఇంజిన్ ఆపేవారు కాదు. పంటు ఒడ్డుకు ఆని ఉండాలంటే తోస్తూ ఉండాల్సిందే అనేవారు. ఆ పొగంతా మన మీదికే. ఇప్పుడు రెండు పక్కలా మోకులు కట్టి ఇంజిన్ ఆపేస్తున్నారు. సముద్రపు పోటు ఇక్కడిదాకా తగులుతుంది కాబట్టి నీరు తీస్తుంటే మోకు వదులుతూ, ఎక్కుతుంటే బిగిస్తూ ఒక మనిషి అక్కడే కాచుకోవాలి. ఆ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టారు చూడండి, అప్పుడు నమ్మకం కుదిరింది. ఇంజిన్ కింద చేరే నూనె నీళ్లను కూడా ఏట్లోకి తోడకుండా డ్రమ్ములో పోస్తున్నారు. ఆ డ్రమ్ము ఆ తర్వాత ఎటు పోతుందని అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నారు.

మైకు గోల తగ్గింది. పొద్దున కాసేపు భక్తి పాటలు, అంతే. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి వెళ్లే జనంతో మాత్రం పంటే తిరణాల అయిపోతుంది. కార్తీకంలో దీపాలకు అరటి దొప్పలు రేవులోనే అమ్మిస్తున్నారు, థర్మాకోల్ తెస్తే నిర్మొహమాటంగా పక్కన పెట్టిస్తారు. ఎవరైనా పూలు కవరుతో సహా విసరబోతే పంటు నడిపే సరంగు చెయ్యి చాపి, “పూలు గోదారమ్మకి, కవరు నాకు” అంటాడు. టీ కప్పుల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. పేపరు కప్పే కదా అని నీళ్లలోకి గిరాటేస్తారు, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుందని తెలియదు కాబోలు.

కేరళలో వైకం దగ్గర 2017 నుంచే సోలార్ పడవ జనాన్ని దాటిస్తోంది. మనది బళ్లనూ మోసే పంటు, అది అంత తేలిక కాదు. కనీసం టికెట్ గది లైట్లకైనా సోలార్ పెట్టొచ్చుగా!

నా అసలు ఫిర్యాదు లైఫ్ జాకెట్ల మీద. 2019లో కచ్చులూరు దగ్గర గోదారిలో పడవ మునిగి అంత ఘోరం జరిగాక కూడా ఇక్కడ వాటిని మూటగట్టి సరంగు గది వెనక పడేస్తున్నారు. ఆదివారం సాయంత్రాలైతే బైకుల మధ్య కాలు పెట్టే చోటు ఉండదు. వరదప్పుడు మాత్రం పేచీ లేదు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక పడగానే పంటు కట్టేస్తున్నారు. ఆ రోజుల్లో వంతెన దారే చూసుకోండి.