కుట్టు పని పోయినవారికి ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి ఎంతవరకు అక్కరకొస్తుంది?

గుంటూరు శివారులో పిల్లల జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్ మూతపడిన తరువాత, అక్కడ ఓవర్‌లాక్ మిషన్ మీద పనిచేసిన మా పిన్ని చేత ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టించాను. బంగ్లాదేశ్ సరుకు చవగ్గా దొరుకుతున్నదని విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ వ్యాపారులు ఆర్డర్లు తగ్గించుకుంటూ వచ్చారన్నది యజమాని చెప్పిన కారణం. దానిని వట్టి సాకని కొట్టిపారేయలేము. 2011లో మన ప్రభుత్వం ఆ దేశపు 46 రకాల వస్త్రోత్పత్తులకు సుంకం ఎత్తివేసింది. 2025 మే 17న మాత్రం అక్కడి రెడీమేడ్ దుస్తులు భూమార్గాన రాకూడదనీ, కోల్‌కతా, నవా షేవా ఓడరేవుల గుండానే రావాలనీ ఆంక్ష పెట్టింది. సరుకు విషయంలో ఇంత ఆలోచించినా, ఆ సరుకు వల్ల పని పోయిన మనిషికి దొరికేది అందరితోపాటు దొరికే ఈ ఈఎస్‌ఐ భృతే; దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన.

2018 జూలై 1న మొదలైన ఈ పథకం పని పోయిన కార్మికునికి జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులపాటు భృతి ఇస్తుంది. మొదట సగటు దినసరి సంపాదనలో 25 శాతంగా ఉన్న భృతిని 2020లో 50 శాతం చేసి, ఆ పెంపును గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చారు. మెచ్చుకోవలసిన మార్పులు మరో రెండున్నాయి. పని పోయిన 90 రోజులకు గాని రాని అర్హత ఇప్పుడు 30 రోజులకే వస్తుంది. పాత యజమాని చుట్టూ తిరగకుండా కార్మికుడే నేరుగా క్లెయిము పెట్టుకోవచ్చు. మేము ఆన్‌లైన్‌లో ఏబీ-1 ఫారం నింపి, దాని ప్రింటుతోపాటు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు శాఖా కార్యాలయంలో ఇచ్చాము. అక్కడి గుమాస్తా ఓపికగానే చూశారు. డబ్బు నేరుగా ఖాతాలో పడింది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. పని పోవడానికి ముందరి రెండేళ్ల సంపాదన మొత్తాన్ని 730తో భాగించి, అందులో సగాన్ని రోజు భృతిగా ఇస్తారు. నెలకు 12,000 రూపాయలు విడవకుండా తెచ్చుకున్నవారికి 90 రోజులకు సుమారు 17,750 రూపాయలు వస్తాయి. చివరి ఆరు నెలలూ పని సగానికి పడిపోయి ఉంటే అది 15,500కు దిగుతుంది. పోటీ సరుకు దెబ్బకు మూతపడే యూనిట్ ఒక్కరోజులో మూతపడదు. ముందు ఓవర్‌టైమ్ పోతుంది, తరువాత వారానికి నాలుగు రోజులు, ఆ తరువాత మూడు రోజులు అవుతుంది. పని పోవడానికి ముందరి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలన్నది నిబంధన. వారానికి మూడు రోజుల చొప్పున 26 వారాలకు సరిగ్గా 78 రోజులవుతాయి. యజమాని వారానికి రెండు రోజులే పిలిచినా పస్తులకు ఓర్చి యూనిట్‌నే నమ్ముకున్న మనిషి ఈ గీత దాటలేడు. నిబంధన రాసినవారికి కుట్టు మిషన్ల సీజన్ తెలిసినట్టు లేదు.

కౌంటరు దగ్గర గుమాస్తా అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అమ్మా, యజమాని మిమ్మల్ని తీసేసినట్టు రాశారా, మీరే మానేసినట్టు రాశారా?" యజమాని ప్రతి నెలా ఈఎస్‌ఐ పోర్టల్‌లో చందా వివరాలు నింపేటప్పుడు, పని రోజులు సున్నా అయినవారి పేరు ఎదుట ఒక కారణపు అంకె వేయాలి. 2 వేస్తే ఉద్యోగం మానివేసినట్టు, 10 వేస్తే రిట్రెంచ్‌మెంట్, అంటే యజమానే పనిలోంచి తీసేసినట్టు. మా పిన్ని పేరు ఎదుట 2 ఉంది. ఆమె ఏనాడూ రాజీనామా చేయలేదు.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమంటే, ఈఎస్‌ఐలోనే 2005 నుంచి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అనే మరో భృతి ఉంది. కనీసం రెండేళ్ల చందా ఉండి, రిట్రెంచ్‌మెంట్ వల్లనో సంస్థ మూసివేత వల్లనో పని పోయినవారికి అది మొదటి 12 నెలలు వేతనంలో 50 శాతం, తరువాతి 12 నెలలు 25 శాతం ఇస్తుంది. అదే 12,000 జీతానికి రెండేళ్లలో దాదాపు 1,08,000 రూపాయలవుతుంది. ఆ కాలమంతా కుటుంబానికి ఈఎస్‌ఐ వైద్యం కూడా ఉంటుంది. ఒకే కాలానికి రెండు భృతులూ ఇవ్వరు కనుక, ఏబీ-1 నింపకముందే ఈ రెండో దాని గురించి విచారించుకోవాలి. అయితే దానికి రిట్రెంచ్‌మెంట్‌నో మూసివేతనో చూపే ఆధారం కావాలి, ఆ కాగితం యజమాని చేతిలో ఉంటుంది. నష్టపరిహారం తప్పించుకోవాలనుకునే యజమానికి 2 అనే అంకె ఎంత సులువో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఒక్క విషయంలో అమెరికా పద్ధతి మేలనిపిస్తుంది. 1962లో మొదలై 1974 వాణిజ్య చట్టంతో విస్తరించిన, దిగుమతుల వల్ల పని పోయినవారి కోసం పెట్టిన అక్కడి సహాయ పథకంలో, ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెడితే చాలు, దిగుమతులే కారణమా కాదా అన్నది కార్మిక శాఖే విచారించి తేల్చేది. శిక్షణ, శిక్షణ కాలంలో భృతి, యాభై దాటినవారు తక్కువ జీతపు పనిలో చేరితే లోటులో కొంత భర్తీ అందులో ఉండేవి. 2022 జూలై 1 నుంచి కొత్త అర్జీలకు ఆమోదం ఇవ్వడం ఆపేశారు; అది వేరే కథ.

పదిమందికి లోపు పనిచేసే చోట ఈఎస్‌ఐ తప్పనిసరి కాదు కనుక, ఇంటి వరండాలో నాలుగు మిషన్లు వేసి జాబ్‌వర్క్ చేయించే చోట్లకు పైన చెప్పినదేదీ సాధారణంగా అందదు.

మా పిన్నికి చిన్న భృతి మాత్రమే వచ్చింది. అదే యూనిట్‌లోని కటింగ్ మాస్టరు ఆఖరి జీతం పుచ్చుకునే రోజునే, ఆర్డర్లు లేక యూనిట్ మూసివేస్తున్నామని లెటర్‌హెడ్ మీద రాయించుకొని, తేదీతో సంతకం, ముద్ర వేయించుకున్నారు. ఆయన ఆ లేఖతో పెద్ద భృతికే దరఖాస్తు పెట్టారు.