పని బల్ల మీద గ్రానైట్ పలక: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకునేవారు మంచి రంపం గురించి, డ్రిల్లింగ్ మెషీను గురించి ఎంతో వాకబు చేస్తారు. వాటిని పెట్టి పనిచేసే బల్ల గురించి మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. నేను తేలికైన బాల్సా చెక్కతో గ్లైడర్లు (ఇంజను లేని చిన్న నమూనా విమానాలు), టేకు ముక్కలతో చిన్న పెట్టెలు చేస్తుంటాను. ఈ రెండు పనుల్లోనూ చేతి నైపుణ్యం కన్నా ముందు బల్ల చదునే లెక్కకొస్తుంది. గ్లైడర్ రెక్క తయారయ్యేటప్పుడు ఒక కొన కాస్త మెలిపడితే, గాలిలోకి వదిలిన ప్రతిసారీ అది ఒక పక్కకే ఒరుగుతుంది. జిగురు ఆరిపోయిన రెక్కను తర్వాత సరిచేయడం చాలా కష్టం.

గుంటూరు లాంటి చోట వానాకాలం తేమకు, వేసవి ఎండకు చెక్క కదులుతూనే ఉంటుంది. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మంచి రకమే అయినా, కింద ఆధారాలు దూరంగా ఉంటే మధ్యలో దిగుతుంది. 35 మిల్లీమీటర్ల ఫ్లష్ డోరు తలుపు ఇంతకన్నా చాలా మేలు. తక్కువ ఖర్చులో బల్ల కావాలనుకునేవారికి నేను చెప్పేది అదే. నాకు మాత్రం ఏ కాలంలో కొలిచినా ఒకేలా ఉండే బల్ల కావాలి. అందుకే రాయి వైపు వెళ్లాను.

మార్టూరు, చీమకుర్తి ప్రాంతాల్లో పాలిషింగ్ యూనిట్లకు కొదవలేదు. స్లాబు చివర మిగిలిన ముక్కలను అక్కడ తక్కువ ధరకు ఇచ్చేస్తారు. నేను తెచ్చుకున్నది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం. నల్లటి రాతిలో బంగారు చుక్కలుండే ఈ రాయి వ్యాపారంలో గ్రానైటే అయినా, భూగర్భ శాస్త్రం ప్రకారం గాబ్రో జాతికి చెందుతుంది. దట్టంగా ఉంటుంది, నీళ్లు పీల్చుకోవడం చాలా తక్కువ. 16 మిల్లీమీటర్ల పలకలు ఇంకా చవక, కానీ బల్లకు నేను సిఫారసు చేయను.

ముక్కను ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి. వెనక వైపు ఫైబర్ వల అతికించి ఉంటే ఆ రాయి బలహీనమైనది కావచ్చు, వదిలేయండి. రూపాయి బిళ్లతో తట్టితే ఖంగుమనాలి, బొంగురుగా పలికితే లోపల పగులు ఉండవచ్చు. నీళ్లు చల్లి ఆరనిచ్చినప్పుడు సన్నని పగులు చివరిదాకా తడిగా, గీతలా కనిపిస్తుంది.

చదును పరీక్షకు రెండడుగుల ఉక్కు బద్ద, ఫీలర్ గేజి (బద్ద కింద సందులో దూర్చి చూసే, మందం రాసి ఉన్న సన్నని రేకులు) చాలు. ఆ బద్దే తిన్నగా ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. రెండు బద్దలను అంచుకు అంచు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనిపించకపోవచ్చు, అయినా ఒకటి లోపలికి, ఇంకొకటి బయటికి ఒకే రీతిలో వంగి ఉండవచ్చు. మూడో బద్ద తెచ్చి, ప్రతి జతనూ కలిపి చూసి, ఎక్కడా వెలుతురు రాకపోతేనే మూడూ తిన్నగా ఉన్నట్టు. లోహపు పలకలను చదును చేయడానికి 1840లో ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ వివరించిన పద్ధతి కూడా ఇలా మూడింటిని సరిచూసుకోవడమే. నా పలక మీద 0.05 మిల్లీమీటర్ల రేకు దాదాపు ఎక్కడా దూరలేదు. ఒక అంచు వెంబడి రెండంగుళాల మేర మాత్రం 0.10 రేకు దూరింది. అక్కడ పెన్సిళ్లు, బ్లేడ్లు పెట్టుకుంటాను. యంత్ర భాగాలు తనిఖీ చేసే సర్ఫేస్ ప్లేట్ల చదునులో తేడా మైక్రాన్లలోనే ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ. చెక్కపనికి అంత అవసరం లేదు.

రాయి ఎంత మంచిదైనా దాన్ని దేని మీద నిలబెట్టామన్నది అంతకన్నా ముఖ్యం. నాలుగు మూలలా ఆధారం పెడితే వాటిలో ఒకటి ఎప్పుడూ వెంట్రుకవాసి ఎత్తో పల్లమో అవుతుంది. అప్పుడు పలక ఊగుతుంది, లేదా బరువు పడి వంగుతుంది. మూడు చోట్ల ఆనిస్తే ఆ బాధ లేదు, మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. ఇనుప చదరపు పైపులతో ఫ్రేము వెల్డింగ్ చేయించి, ఒక పొడుగు వైపు రెండు, ఎదుటి వైపు మధ్యలో ఒకటి, అంచుల నుంచి లోపలికి జరిపి, గట్టి రబ్బరు ముక్కలు పెట్టాను. రాయి కన్నా ఆ ఫ్రేముకే ఎక్కువ ఖర్చయింది, అయినా తగ్గించుకోవలసిన ఖర్చు కాదది. మన బాల్కనీల నేల నీళ్లు పోయేందుకు వాలుగా ఉంటుంది కాబట్టి కాళ్లకు సర్దుబాటు బోల్టులు పెట్టించుకోండి. రసమట్టం బుడగ కాస్త పక్కకున్నా చదునుకు నష్టం లేదు, బల్ల కదలకుండా నిలిస్తే చాలు.

ఈ పలకతో నేను ఎక్కువగా చేసే పని ఉలి పదును పెట్టడం. రాతి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి వాటర్ పేపరు (తడిపి వాడే గరుకు కాగితం) పరిస్తే అది అంటుకుపోతుంది. ఉలి వెనక వైపు మార్కరు పెన్నుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి 400 నంబరు కాగితం మీద నాలుగుసార్లు రుద్దితే, ఎత్తుగా ఉన్నచోట సిరా పోయి మెరుపు వస్తుంది, గుంటలో నల్లగానే మిగులుతుంది. కొత్త ఉలి అయినా మధ్యలో ఒక నల్లటి ద్వీపం మిగలడం మామూలే. కొన దగ్గర అంగుళం మేర సిరా పూర్తిగా పోయేదాకా రుద్ది, తర్వాత 800, 1500, 2000 నంబర్లకు వెళతాను. ఆ అంచుతో టేకు మీద సన్నని పొర లేస్తుంటే ఎంత తృప్తిగా ఉంటుందో!

రెక్కలు కట్టేటప్పుడు రాతిలో గుండుసూదులు దిగవు. అందుకని పైన సాఫ్ట్‌బోర్డు పరుస్తాను. అది మెత్తనిది కాబట్టి కింది రాతి చదునునే అనుసరిస్తుంది. దాని మీద ప్లాస్టిక్ కాగితం వేస్తే జిగురు అంటదు.

లోపాలూ ఉన్నాయి. పాలిష్ చేసిన నల్లరాయి ట్యూబులైటును అద్దంలా చూపిస్తుంది, రాత్రిపూట కళ్లు అలసిపోతాయి. దీపాన్ని పక్కకు మార్చాక కొంత నయం. ఉలి జారిపడితే మొన విరుగుతుంది. సుత్తి దెబ్బలకు ఈ బల్ల అస్సలు పనికిరాదు, అంచు పెచ్చు లేస్తుంది. కొట్టే పనులకు ఫ్లష్ డోరు బల్ల వేరుగా ఉంచుకోవలసిందే. ఎండ విషయం మరీ ముఖ్యం. పలక పైవైపు కిందివైపు కన్నా ఒక్క డిగ్రీ వేడెక్కినా నాలుగడుగుల పొడవులో మధ్యభాగం దాదాపు 0.06 మిల్లీమీటర్లు ఉబ్బుతుందని లెక్క. కిటికీ ఎండ నేరుగా పడేచోట వేయకండి.

రాయికి బదులు అద్దం వాడవచ్చా అని అడిగేవారికి ఒక్క మాట. మామూలు ఫ్లోట్ గ్లాసు (కిటికీలకు వాడే అద్దం) చదునుగానే ఉంటుంది, చిన్న పనులకు బాగుంటుంది. టఫెన్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరచిన అద్దం) వద్దు, వేడిచేసేటప్పుడు రోలర్ల మీద నడవడం వల్ల దానిలో సన్నని అలలు వస్తాయి. కడప రాయి చవకే కానీ మెత్తన, మందమూ ఒకేలా ఉండదు.

నా పలక బరువు 40 కిలోలకు పైనే. మేడ మెట్లు ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పడుకోబెట్టి మోయవద్దు, నిలువుగా అంచు మీద పట్టుకునే మోయాలి. కింద పెట్టేటప్పుడు కూడా ముందు ఒక పొడుగు అంచును గోనెసంచి మీద ఆనించి, తర్వాత మెల్లగా ఒరిగించాలి.