మూటకు కూడా చోటిచ్చిన ఆసుపత్రి

ఒడిశాలోని బరంపురం పాత బస్టాండు చుట్టుపక్కల దుకాణాల అరుగుల మీద రాత్రుళ్లు తలదాచుకునేవారిలో మన తెలుగువారు, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు, కనిపిస్తూనే ఉంటారు. అటువంటివారిని వెంటబెట్టుకుని ఈ వేసవిలో ఆరుసార్లు వెళ్లిన ఒక చిన్న ధర్మాసుపత్రి గురించి రాస్తున్నాను. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం, అరవై దాటిన రిక్షా కార్మికుణ్ణి అక్కడికి చేర్చాను. ఒళ్లు కాలిపోతోంది, ఊరి పేరు అడిగితే పొంతన లేని జవాబు చెబుతున్నాడు. చీటీ రాసే కిటికీ దగ్గర ఎవరూ ఆధార్ అడగలేదు. జ్వరం 40.6 డిగ్రీలు ఉందని చూసిన నర్సమ్మ వెంటనే చొక్కా విప్పించి, తడిదుప్పటి కప్పి, ఫ్యాను కిందకు చేర్చి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో మంచుముక్కల సంచులు పెట్టింది. అది మొదలయ్యాకే మరొకరు 108కు ఫోను చేశారు. వడదెబ్బకు సరైన వరుస ఇదే. శరీరం 40 డిగ్రీలు దాటి తెలివి తప్పుతున్నప్పుడు ఉన్నచోటనే చల్లబరచడం ప్రాణం నిలుపుతుంది. పారాసెటమాల్ ఆ వేడిని దించదు, మగతలో ఉన్నవారి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

అంబులెన్సు వచ్చేసరికి అతనికి కొంత తెలివి వచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్లనని మొండికేశాడు. "బండి పోతే నేనేం తిని బతకాలి బాబూ?" అన్నాడు. నాకు మాట తోచలేదు. నర్సమ్మ మాత్రం తడుముకోకుండా, "తాతా, బండి ఇక్కడే గొలుసుతో కట్టేస్తాం, మూట బీరువాలో పెడతాం, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి" అంది. గోడకు దిగ్గొట్టిన ఇనుప కొంకికి రిక్షాను కట్టి, తాళంచెవిని ఎర్రదారంతో అతని మణికట్టుకు ముడివేసింది. ఇల్లు లేనివారు వైద్యం వద్దనడానికి మొండితనం కారణమని ఇన్నాళ్లూ అనుకున్న నేను, ఆ అరల బీరువాను చూసి చాలాసేపు నిలబడిపోయాను.

అక్కడి రిజిస్టరులో చిరునామా గడి పక్కనే "రాత్రి ఎక్కడ పడుకుంటారు" అనే గడి ఉంది. "గుడి వెనక, రెండో అరుగు" వంటి వివరాలు అందులో ఉంటాయి. తీరప్రాంతంలో పగటి వేడి 37 డిగ్రీలకు చేరి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలుల కింద లెక్కిస్తుంది. సముద్రం దగ్గర కావడంతో ఉక్కకు చెమట ఆరదు కనుక, అంకె చిన్నదిగా కనిపించినా మనిషికి జరిగే హాని చిన్నది కాదు. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు సిబ్బంది రిజిస్టరు తిరగేసి, మానసిక వ్యాధులకు మందులు వాడేవారిని, రక్తపోటుకు నీరుపోయే మాత్రలు వాడేవారిని ముందుగా వెతుక్కుంటూ వెళతారు. మొదటి రకంలో కొన్ని మందులు చెమట పట్టనివ్వవు, రెండో రకం ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. ఓఆర్ఎస్ పొట్లంతో పాటు లీటరు సీసా కూడా ఇస్తారు. పొట్లం లీటరు నీటికి సరిపడేది కాగా, వీరి దగ్గర ఉండేది ఒక గ్లాసే కనుక, అందులోనే మొత్తం కలిపి తాగడం నేను కళ్లారా చూశాను. ఇన్సులిన్ దాచుకునే చోటు లేనివారు రోజూ పొద్దున్నే వచ్చి సూది వేయించుకోవచ్చు.

ఇక లోపాలు. సాయంత్రం ఐదింటికి తలుపులు మూసేస్తారు. అప్పటికి అరుగు, గోడ, రోడ్డు అన్నీ వేడి కక్కుతూనే ఉంటాయి. లోపల చల్లబడిన మనిషిని మళ్లీ అదే అరుగు మీదికి పంపడం వైద్యాన్ని సగంలో ఆపడమే అవుతుంది. ఫ్యాన్లున్న నిరీక్షణ గది రాత్రంతా ఖాళీగా ఉంటుంది. ఒక కాపలాదారుణ్ణి పెట్టి, రాత్రి బస కేంద్రంతో మాట్లాడుకుంటే చాలు. 1998 ఎండల్లో 2,000 మందికి పైగా పోగొట్టుకున్న రాష్ట్రంలో ఇది గొంతెమ్మ కోరిక కాదు.

తుపానుల విషయంలో సన్నద్ధత దాదాపు లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక ఈ జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అయినా ఇక్కడ ఇన్సులిన్ ఉండే ఫ్రిజ్‌కు జనరేటరు లేదు. ఒకసారి తుపాను హెచ్చరిక రోజున వెళితే తాళం వేసి ఉంది. ఒడియాలో మాత్రమే రాసిన కాగితాన్ని మూర్ఛ మందుల కోసం వచ్చిన ఒక తెలుగు తల్లికి నేనే చదివి చెప్పాను. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆగితే మూర్ఛలు తిరగబెడతాయి, క్షయ మందులు మధ్యలో ఆగితే వ్యాధి మొండికేస్తుంది. హెచ్చరికలు ఇప్పుడు రోజుల ముందే వస్తున్నాయి కనుక, రెండు వారాల మాత్రలను మందుచీటీతో సహా తడవని సంచిలో పెట్టి ముందే ఇవ్వవచ్చు.

వేసవి సేవలకు ఐదుకు నాలుగున్నర, తుపాను సన్నద్ధతకు ఒకటి ఇస్తాను. ఐదింటి తరువాత ఎవరైనా పడిపోయి కనిపిస్తే ఇక్కడికి మోసుకురాకుండా, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కు ఫోను చేయండి.

రిక్షా తాత నాలుగు రోజులకు తిరిగి వచ్చి, మణికట్టు మీది ముడి తానే విప్పుకుని మూట తీసుకున్నాడు. రాత్రి గది గురించి, తుపాను సంచుల గురించి జూన్‌లో నేను రాసిచ్చిన విన్నపం డాక్టరుగారి బల్ల మీద ఉంది. అక్టోబరు దగ్గర పడుతోంది, జవాబు ఇంకా రాలేదు.