ఆకలితో వెళ్లేవాడికి ఏది మేలు: శరణార్థి దరఖాస్తా, వర్క్ వీసానా?

ఒడిశాలో మా పర్లాకిమిడి వైపు ఈమధ్య ఒక మాట తిరుగుతోంది. సూరత్ మగ్గాల దగ్గర పన్నెండేసి గంటలు నిలబడి విసిగిపోయిన కుర్రాళ్లకు ఎవరో ఏజెంటు చెబుతున్నాడట, "ఎలాగోలా ఏదో ఒక పైదేశంలో అడుగు పెట్టండి, అప్పులున్నాయి, ఊళ్లో బతకలేం అని ఆశ్రయం అడగండి, ఇచ్చేస్తారు" అని. మా పిన్ని కొడుకు ఫోన్ చేసి "ఉన్నమాటే కదా అన్నయ్యా చెప్పేది, తప్పేముంది?" అన్నాడు. తప్పేం లేదు, పని జరగదంతే.

1951 శరణార్థుల ఒప్పందం నీకెంత కష్టమొచ్చిందని అడగదు, నిన్ను ఎవరు, ఎందుకు వేధిస్తున్నారని అడుగుతుంది. జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింట్లో ఏదో ఒక కారణం చూపించాలి. 2018లో తిత్లీ తుఫానుకు జీడితోట పోయింది, వడ్డీ పెరిగింది అంటే పాపం అంటారు గానీ కాగితం ఇవ్వరు.

అలాగని డబ్బు కష్టం ఎప్పుడూ లెక్కలోకి రాదనుకోకండి. మా అమ్మమ్మ వాళ్లు బర్మాలోని రంగూన్ నుంచి వచ్చినవాళ్లే. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి, అదే ఏడాది 50, 100 క్యాట్ల (అక్కడి డబ్బు) నోట్లు రద్దు చేసేసింది, భారతీయుల వ్యాపారాలు కుప్పకూలాయి. బర్మా అక్షరాలున్న రేకు డబ్బాలో అమ్మమ్మ చింతపండు దాచేది, దాని అడుగున ఆ చెల్లని నోట్లు ఉండేవి, పిల్లలం వాటితో కొట్టు ఆట ఆడుకునేవాళ్లం. ఊళ్లో అమ్మమ్మ వాళ్లని కాందిశీకులనే, అంటే శరణార్థులనే పిలిచేవారు. ఒక గుంపు మీద గురిపెట్టి పొట్ట కొడితే అది వేధింపు కిందకే రావచ్చు. కాకపోతే మాకు భారత పౌరసత్వం ఉంది కాబట్టి ఆశ్రయం అడగకుండా సొంత దేశానికే వచ్చాం. ఆ ఒప్పందం మీద సంతకం చేయని మన దేశమే మా పర్లాకిమిడి పక్కనున్న ఒడిశా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లకు చోటిచ్చింది, వాళ్లు అప్పులు తీర్చలేక వచ్చినవాళ్లు కాదు.

ఇక మావాడి సంగతి. ఆశ్రయం అడిగితే ఏళ్లు పట్టొచ్చు, తీర్పు వచ్చేదాకా ఇంటి ముఖం చూడటం కష్టం, అమ్మకు బాగోలేదని వచ్చావంటే కేసు పోయినట్టే. బ్రిటన్‌లోనైతే మొదటి ఏడాది పని చేసుకోవడానికి మామూలుగా అనుమతే అడగనివ్వరు. మరి అప్పు ఎలా తీరుతుంది? 2025 ఫిబ్రవరిలో అమెరికా వెనక్కి పంపేస్తే సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దిగిన 104 మంది మనవాళ్లని టీవీలో చూశాం కదా. రాజకీయ కథ అల్లి చెప్పమనే ఏజెంటైతే ఇంకా ప్రమాదం, అబద్ధం పట్టుబడితే ఆ తర్వాత వీసా దారి కూడా మూసుకుపోతుంది.

వర్క్ వీసా గొప్పదని నేననను. గల్ఫ్‌లో పాస్‌పోర్ట్ లాక్కునే యజమానులున్నారు, జీతం కోతలున్నాయి. కానీ ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటైతే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. పదో తరగతి పాసవని వాళ్లు గల్ఫ్ లాంటి దేశాలకు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్లడానికి మన ప్రభుత్వ అనుమతి కావాలి, దానితోపాటు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా. రెండేళ్లకోసారైనా ఇంటికి రావచ్చు. నా ఓటు దీనికే.

రిజిస్టరైన ఏజెంట్ల పేర్లుండే ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో మావాడి ఏజెంటు పేరు వెతికాం. లేదు. అడ్వాన్సు వెనక్కి ఇమ్మంటే రెండు రోజుల నుంచి ఫోను ఎత్తడం లేదు.