సోమవారం గ్రీవెన్స్ రివ్యూ: లైటు వెలిగింది, కాలవ సంగతే తేలట్లేదు

ప్రతి సోమవారం సర్కారు ఆఫీసులో జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్ళొచ్చా. ముందే చెప్పేస్తా, 5కి 3 స్టార్లు. వీధి లైటు, చెత్త బండి, పింఛను లాంటి పనైతే ఇంకేం ఆలోచించకుండా వెళ్ళిపోండి. రోడ్డో పెద్ద డ్రెయినో అయితే మాత్రం కాస్త ఓపిక, ఒక ఫైలు కవరు కూడా పట్టుకెళ్ళండి. విజయవాడలో ఏ ఆఫీసో రాయను, అక్కడ కూర్చునేవాళ్ళు మర్యాదస్తులే, వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకు.

పేరు గవర్నమెంటు మారినప్పుడల్లా మారుతుంది గానీ పని అదే. మొదట మీకోసం, 2019లో స్పందన, 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక, ఇంగ్లీషులో పొట్టిగా పీజీఆర్‌ఎస్. మా వైపు జనం మాత్రం ఇంకా స్పందనకెళ్ళొచ్చాం అనే అంటారు, గేటు దగ్గర అటెండరుతో సహా. సోమవారం పొద్దున అర్జీ ఇస్తే కంప్యూటర్లో ఎక్కించి నంబరేసి రసీదు చేతిలో పెడతారు, ఫోనుకి మెసేజ్ వస్తుంది, ఆ తర్వాత ఎక్కడిదాకా వచ్చిందో 1100కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. కుర్చీలు, మంచినీళ్ళు ఉన్నాయి, రాయడం రానివాళ్ళకి అర్జీ రాసిపెట్టే మనిషి కూడా ఉన్నాడు. నా ముందు ఒక పెద్దావిడ పింఛను ఆగిపోయిందని వస్తే ఆఫీసరు గారు "కూర్చోండి మామ్మగారూ" అని అక్కడికక్కడే వార్డు సచివాలయానికి ఫోన్ కలిపి మాట్లాడించారు. ఆ మాత్రం చేస్తారని నేనైతే అనుకోలేదు.

నావి రెండు అర్జీలు. వీధి లైటుది ఆ వారంలోనే అయిపోయింది, లైన్‌మేన్ వచ్చి వెలిగాక ఫొటో కూడా తీసుకెళ్ళాడు. రెండోది మా వీధి సైడు కాలవ, గట్టిగా గంట వాన పడితే నీళ్ళు వెనక్కి తన్ని గుమ్మాల్లోకి వస్తాయి. దానికేమో సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్! తెరిచి చూస్తే కాలవ కట్టినట్టు కాదు, నిధుల లభ్యతను బట్టి ప్రాధాన్యతా క్రమంలో చేపడతాం అని ఎండార్స్‌మెంట్, అంటే ఆఫీసు జవాబు, రాసి అర్జీ మూసేశారు.

సరే, ఆ క్రమంలో మాది ఎన్నోదని అడిగా. "అలా లిస్టంటూ ఏం ఉండదండీ, ఎస్టిమేట్ వేసి పంపుతాం, పైన శాంక్షన్ అవ్వాలి" అన్నారు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు. ఆయన తప్పేం లేదు, ఉన్నమాటే చెప్పారు. వార్డు సచివాలయంలో రోడ్లు, కాలవలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ చూసి రాయాలి, ఏఈ ఎస్టిమేట్ వేయాలి, కార్పొరేషన్ సొంత జనరల్ ఫండా ఆర్థిక సంఘం నిధులా అన్నది తేలాలి, పెద్ద పనైతే కార్పొరేషన్ స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్ దాకా పోవాలి, ఇంతా అయ్యాక టెండర్‌కి కాంట్రాక్టరు రావాలి. ఈ మధ్యలో ఏ కార్పొరేటర్ గట్టిగా పట్టుబడితే ఆ డివిజన్ పని ముందుకెళ్తుంది, 2021 ఎన్నికల్లో ఉన్నవి 64 డివిజన్లు మరి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది, అటువైపు పనులు ముందు చేస్తామంటే మేమెవరం కాదనం. కానీ ఆ ముక్క మాకు చెప్పాలి కదా, దేని తర్వాత దేనికి డబ్బు పెడుతున్నారో కాగితం మీద చూపించాలి కదా!

మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు, వాడికి ఫోన్లో ఇదంతా చెప్తే నవ్వాడు. అక్కడ కౌంటీని (మన జిల్లా లాంటిది) నడిపేది కమిషనర్స్ కోర్టట, పేరుకే కోర్టు గానీ బడ్జెట్, రోడ్లు చూసే సభ, అందులో ఉండేది కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు, అందరూ ఓట్లతో గెలిచినవాళ్ళే (మన మున్సిపల్ కమిషనరేమో గవర్నమెంటు వేసిన ఆఫీసరు). మీటింగులో ఏం చర్చిస్తారో ముందే బయట పెడతారు, ఆ అంశం మీద ఎవరైనా వెళ్ళి మైకు ముందు రెండు ముక్కలు మాట్లాడొచ్చు. అక్కడా అడిగినవన్నీ అయిపోవు లెండి, రోడ్డు వెడల్పు చేయమని అడిగీ అడిగీ విసుగొచ్చిందన్నాడు. అయినా ఎవరు ఏమన్నారు, ఏ పనికి ఎంత పెట్టారు అన్నది తీసి చూసుకోవడానికి రికార్డు ఉంటుంది.

అలాంటి ఏర్పాటు మనకీ లేదని కాదు. 3 లక్షల జనాభా దాటిన ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది, 1993 నుంచి అమల్లో ఉంది. విజయవాడ 2011 లెక్కల్లోనే 10 లక్షలు దాటేసింది. మా వీధిలో మాత్రం అలాంటి మీటింగుకి ఫలానా రోజు రండి అని పిలుపొచ్చిన మనిషి నాకింకా తగల్లేదు. గ్రీవెన్స్‌లో ఒక్కొక్కళ్ళ బాధా ఒక్కొక్కటిగా వింటారు, బాగానే వింటారు, ఏ పని ముందు అన్న మాట మాత్రం అక్కడ లేవదు. ఆ 2 స్టార్లు కోసింది అందుకే.

వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట, ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి, నాలుగూ కలిపి రాస్తే తేలికది ఒకటి చేసి మొత్తం మూసేస్తారు. వాన పడ్డప్పటి ఫొటో ప్రింటు తీసి జత చేయండి, ఎండాకాలం కాలవ ఫొటో చూపిస్తే ఎవరూ నమ్మరు. మూసేసినా ఊరుకోకండి, తృప్తిగా లేదని చెప్పి మళ్ళీ తెరిపించొచ్చు. నేను తెరిపించా, ఏఈ గారు మనుషుల్ని తీసుకొచ్చి టేపు పెట్టి కొలుచుకెళ్ళారు కూడా. ఇప్పుడు ఆ ఎస్టిమేట్ కాపీ, ఏ నిధుల కింద పెట్టారో ఆ వివరం ఇమ్మని సమాచార హక్కు దరఖాస్తు పెడుతున్నా, 30 రోజుల్లో జవాబివ్వాలి. వస్తే స్టార్లు మారుస్తా.