రైలు వెళ్ళిపోయిన బాట మీద: ఆర్దెష్ కొండల్లో ఐదు రోజులు

గత సెప్టెంబరులో మా అక్కయ్య గిద్దలూరు నుంచి లియోన్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, ఫ్రాన్సు పల్లెటూళ్ళు చూడాలని, అదీ కారులో కాకుండా చూడాలని కోరింది. ఆమెకు అరవై ఒకటి నిండాయి, సైకిల్ ముట్టుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది. లారీల మధ్య తొక్కడం మాత్రం తన వల్ల కాదని ముందే చెప్పేసింది. ఆమె షరతుకు లోబడే దారి నాకు తెలిసినంతలో ఒక్కటే కనిపించింది. మాసీఫ్ సంత్రాల్ అనే మధ్య ఫ్రాన్సు పర్వత ప్రాంతానికి తూర్పు అంచున, ఆర్దెష్ జిల్లాలో పాత మీటర్ గేజి (పట్టాల మధ్య మీటరు ఎడం ఉండే) రైలు కట్ట మీద వేసిన డోల్చే వియా అనే సైకిల్ బాట అది. దాదాపు 90 కిలోమీటర్ల పొడవున్న ఈ బాట మీదికి మోటారు వాహనాలను రానివ్వరు.

ఈ దారి స్వభావమంతా రైలు పెట్టిన భిక్షే. వివారే అని పాత పేరున్న ఈ ప్రాంతపు చిన్న రైళ్ళు 1968 అక్టోబరు 31న ఆగిపోయాయి. పట్టాలు తీసేసిన చోట కట్ట మిగిలింది, వంతెనలూ సొరంగాలూ మిగిలాయి. బొగ్గు ఇంజను ఎక్కగలిగిన వాలు కన్నా నిటారైన వాలు ఈ దారిలో ఉండే వీలు లేదు. రోన్ నది ఒడ్డున సముద్ర మట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తులో ఉన్న లా వూల్త్ దగ్గర బయలుదేరి, ఏరియూ నది వెంట దాదాపు 50 కిలోమీటర్లు సాగి ల షేలార్ చేరేసరికి మనం ఎక్కింది మూడు వందల మీటర్ల పైచిలుకే, అదీ ఎక్కుతున్నామని కాళ్ళకు తెలియకుండానే. ల షేలార్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒక పాయ లమాస్త్ర్ వైపు వెళుతుంది, రెండవది 1,050 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉన్న సాంతగ్రేవ్ దాకా ఎక్కుతుంది.

లియోన్ నుంచి ప్రాంతీయ రైలులో సైకిళ్ళతో సహా లివ్రోన్‌లో దిగాము. ఈ రైళ్ళలో సైకిళ్ళు వేలాడదీసే కొక్కేలు కొన్నే ఉంటాయి కనుక వారాంతాల్లో కాకుండా మంగళవారం ఉదయం బయలుదేరడం మంచిదైంది. లివ్రోన్ నుంచి రోన్ నది దాటి లా వూల్త్ చేరేవరకు ఉన్న కొన్ని కిలోమీటర్లు మాత్రం మామూలు రోడ్డే. మొత్తం యాత్రలో అక్క భయపడింది అక్కడే.

బాట మీదికి వచ్చాక కూడా మొదటి గంటంతా ఆమె నిమిషానికోసారి మెడ తిప్పి వెనక్కి చూసింది. గులకరాళ్ళ మీద నా టైరు చప్పుడు వినిపించినా సరే, హ్యాండిల్ బిగించి పట్టుకుని అంచుకు జరిగిపోయేది. సాన్ ఫోర్తునా దాటాక ఒక రాతి వంతెన మీద ఆగి నీళ్ళు తాగుతూ, "ఇక్కడ వెనక నుంచి ఏదీ రాదు కదరా?" అని అడిగింది. రాదన్నాను. ఆ వంతెన తర్వాత ఆమె తల నదివైపే ఉంది. నా వేగంతో తనను కొలుచుకోవడం కూడా అప్పుడే మానేసింది. వాహనాలు లేకపోవడమంటే ప్రమాదం తగ్గడం ఒక్కటే కాదని, ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ పోవడానికి వీలు చిక్కడమని నాకు ఆ రోజు బాగా తెలిసింది.

బాట మీద పరిచింది తారు కాదు, దిమ్మిస వేసి అణచిన సన్నకంకర, ఇసుక. కంకర దారులకు పనికొచ్చే నా గ్రావెల్ సైకిల్‌కు 40 మిల్లీమీటర్ల టైర్లు ఉన్నాయి, అవి పూర్తిగా సరిపోయాయి. సన్నటి రోడ్డు టైర్లతో వచ్చేవారికి మాత్రం నేను ఈ దారి చెప్పను, ఎందుకంటే ఎండిన మలుపుల్లో పైపొర వదులై చక్రం పక్కకు జారుతుంది, వాన పడ్డ మర్నాడు బురద చైనును పట్టేస్తుంది. రోడ్డు అడ్డువచ్చిన ప్రతి చోటా అడ్డగేట్లు ఉన్నాయి, వెడల్పు సంచులు కట్టిన సైకిళ్ళు వాటిలోంచి నిదానంగా పోవాలి. సొరంగాల్లోకి ఎండ నుంచి ఒక్కసారిగా వెళితే కళ్ళు చీకట్లు కమ్ముతాయి కనుక సొంత దీపం తప్పనిసరి. ఇది నడిచేవారికీ గుర్రాల మీద వచ్చేవారికీ కూడా చెందిన బాట, గంట మోగించి నెమ్మదించడం ఇక్కడి మర్యాద.

మొదటి రాత్రికి సాన్ సోవర్ ద మోంతాగ్యూ దగ్గర గది ముందే తీసుకున్నాము. సైకిళ్ళకు తాళం వేసే కొట్టం ఉందని రాశారు. సాయంత్రం ఆరింటికి వెళితే కొట్టానికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న మనిషి ఊళ్ళో లేరు. ఎనిమిదిన్నర దాకా అక్క కోసం అద్దెకు తీసుకున్న ఎలక్ట్రిక్ సైకిల్‌ను కనిపెట్టుకుని వాకిట్లో కూర్చున్నాము, ఈలోగా ఊరి హోటల్‌లో వంట ముగిసింది. అక్కయ్య వెంట తెచ్చుకున్న అటుకులతో ఆ రాత్రి గడిచింది. అప్పటి నుంచి నేను అకెయ్ వేలో అనే జాతీయ గుర్తు ఉన్న బసలనే వెతికాను. సైకిల్ దారికి 5 కిలోమీటర్ల లోపు ఉండటం, భద్రమైన చోట సైకిళ్ళు పెట్టనివ్వడం, మరమ్మతు సామాను అందుబాటులో ఉంచడం వంటివి ఆ గుర్తుకు నియమాలు. తర్వాతి రెండు బసల్లోనూ ఆ మాట నిలబడింది.

ల షేలార్‌లో రెండు రాత్రులు ఉండటం ఈ యాత్రలో నేను చేసిన మంచి నిర్ణయమని అనుకుంటున్నాను. దారి చీలే చోటు అదే కనుక సామానంతా గదిలో వదిలేసి మూడవ రోజున ఖాళీ సైకిళ్ళతో లమాస్త్ర్ వెళ్ళి రావచ్చు. అందం మాటకు వస్తే లోయలోని చిన్న ఊళ్ళు దానికన్నా ముందుంటాయి, ల షేలార్ పనిచేసుకునే ఊరు, అక్కడ నగల కర్మాగారాలు ఉన్నాయి, పాత తోళ్ళ కార్ఖానాలో నడుపుతున్న విజ్ఞాన ప్రదర్శనశాల ఉంది. కానీ సైకిల్ యాత్రికునికి కావలసిన కిరాణా కొట్టు, మందుల షాపు, రొట్టెల అంగడి నడిచేంత దూరంలో ఉన్నది ఇక్కడే. మేము దిగిన ఇంటి యజమానురాలు అక్క శాకాహారి అని తెలిసి క్రిక్ చేసి పెట్టారు. తురిమిన బంగాళాదుంపలో గుడ్డు కలిపి పెనం మీద వేసే అట్టు అది. గుడ్డు లేకుండా కుదురుతుందా అని అక్క సైగలతో అడిగితే, ఆమె కాసేపు ఆలోచించి తురుమును గట్టిగా పిండి, సన్నటి సెగ మీద మూతపెట్టి కాల్చారు. అంచులు కరకరలాడాయి, మధ్యలో మెత్తగా నిలిచింది.

శాకాహారులకు ఈ ప్రాంతం తేలిక కాదని చెప్పాలి. హోటళ్ళలో ముందుగా పెట్టేది పంది మాంసంతో చేసే కాయెత్. అయితే పికోదోన్ అనే చిన్న మేకపాల జున్ను, మంచి రొట్టె, చెస్ట్‌నట్ ముద్ద ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాయి. ఈ వాలుల్లో రాతికట్టల మీద పెంచిన చెస్ట్‌నట్ తోటలు పూర్వం జనానికి తిండిగింజల స్థానంలో ఉండేవి. దానితో చేసే తీపి ముద్దను 1885లో ఇదే జిల్లాలోని ప్రీవాలో క్లెమాన్ ఫోజియే తయారుచేశారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకే వంటశాలలు తెరిచి ఉంటాయని, సోమవారం చాలా అంగళ్ళు మూతపడతాయని ముందే గుర్తుంచుకుంటే ఆకలి బాధ ఉండదు. కుళాయి మీద నీళ్ళు తాగదగినవి కావని రాసి ఉంటే సీసా నింపకూడదు.

లమాస్త్ర్ దారి నీడగా, నిర్మానుష్యంగా ఉంది. అక్కడ బాట ఆగిపోవడానికి ఒక కారణం ఉంది. లమాస్త్ర్ నుంచి రోన్ వైపు పట్టాలను ఎవరూ తీయలేదు, వాటి మీద ఇప్పటికీ యాత్రికుల కోసం ఆవిరి రైలు నడుస్తోంది. సాంతగ్రేవ్ దగ్గరా అంతే, అక్కడి నుంచి రోకూల్ దాకా పాత రైలును ఔత్సాహికులు బతికించుకున్నారు. రైలు బతికి ఉన్న చోట సైకిల్ బాట లేదు. లమాస్త్ర్ స్టేషనులో అక్క వంగి పట్టాల మధ్య దూరాన్ని జానలతో కొలిచింది. మా నాన్నగారు గిద్దలూరు దగ్గరి దిగువమెట్టలో స్టేషన్ మాస్టరుగా ఉన్నప్పుడు మేమిద్దరం ఆడుకున్నది ఈ కొలత పట్టాల మీదే. గేజి మార్చినప్పుడు నల్లమలలో పాత దారిని వదిలేశారు, దొరబావి వంతెన స్తంభాలు ఇప్పటికీ అడవిలో నిలబడి ఉన్నాయి. ఆ దారిలో కూడా ఇలా సన్నకంకర పరిస్తే ఎంత బాగుండునని అక్క అంది, నాదీ అదే మాట.

సాంతగ్రేవ్ ఎక్కుడు నిజమైన ఎక్కుడే. పాతిక కిలోమీటర్ల లోపు ఆరు వందల మీటర్లు ఎక్కాలి. అక్కకు బ్యాటరీ సాయం ఉంది, నేను చిన్న గేరులో గంటల తరబడి ఒకే లయలో తొక్కాను. వాలు ఎక్కడా హఠాత్తుగా మారదు కనుక ఊపిరి ఆడని క్షణం రాలేదు. దట్టమైన చెట్ల మధ్య నుంచి బయటపడి పచ్చిక బయళ్ళ పీఠభూమి మీదికి రాగానే గాలి చల్లబడింది, దూరాన 1,753 మీటర్ల మెజాంక్ శిఖరం కనిపించింది. అక్కడి సత్రంలో గది పాతది, నేల కిర్రుమంటుంది, కానీ తడిసిన బూట్లు ఆరబెట్టుకునే వెచ్చటి గది వేరుగా ఉంది. ఒక రోజు ఎక్కువ ఉంటే ల షాంబోన్ సుర్ లిఞోన్ చూడవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రాణాలకు తెగించి యూదులకు ఆశ్రయమిచ్చిన ఆ ఊళ్ళో 2013లో స్మారక ప్రదర్శనశాల తెరిచారు. అయితే అక్కడికి కార్లు తిరిగే రోడ్డు మీదే వెళ్ళాలి, అందుకే మేము వెళ్ళలేదు.

చాలామంది సైకిళ్ళను వాహనం మీద పైకి చేర్చుకుని కిందికి మాత్రమే తొక్కుతారు. తీరిక ఉన్నవారు కింది నుంచే మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే ఎక్కేటప్పుడు చూసిన ప్రతి స్టేషను దిగేటప్పుడు పలకరిస్తుంది. ఐదవ రోజున 70 కిలోమీటర్లకు పైగా దిగాము. సాన్ సోవర్ వంతెన, నదిలో ఈదుతున్న పిల్లలు, రాతికట్టల తోటలు ఒక్కొక్కటిగా వెనక్కి పోయాయి. సాయంత్రం లా వూల్త్‌లో అడ్డగేటు దాటి లివ్రోన్ రోడ్డు ఎక్కే ముందు అక్క కాలు నేలకానించి ఆగింది. నాలుగు రోజులుగా మరిచిపోయిన పనిని గుర్తుచేసుకున్నట్టు, మెడ తిప్పి వెనక్కి చూసింది.